1-2-3-4-5-6 పడటం కష్టమా, వరుసగా ఆరు ఆరులు పడటం కష్టమా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: ఒక పాచికను వేస్తూ పోతే 1, 2, 3, 4, 5, 6 అచ్చంగా ఇదే వరుసలో పడే అవకాశం ఎంత? వరుసగా ఆరు ఆరులు పడటం ఇంకా కష్టమని మీ రూమ్మేట్ అంటున్నాడు. రెండూ ఒకటేనని మీరంటున్నారు. మధ్యలో బిర్యానీ పందెం కూడా ఉంది.

ముందు జవాబు చెప్పేస్తాను. పాచికను సరిగ్గా ఆరుసార్లు మాత్రమే వేస్తే మీరు కరెక్టు. రెండింటికీ అవకాశం ఒక్కటే, 46,656లో ఒకటి. కానీ "పడేదాకా వేస్తూనే ఉంటాం" అనుకుంటే మీ రూమ్మేట్ కరెక్టు. 1-2-3-4-5-6 కోసం సగటున 46,656 సార్లు వేయాల్సి వస్తుంది, ఆరు ఆరుల కోసం సగటున 55,986 సార్లు. మీరు రాసిన మాట "వేస్తూ పోతే" కాబట్టి బిర్యానీ బిల్లు మీవైపే మొగ్గుతోంది. అయితే ఆయనకి కూడా కారణం తెలిసి అన్నట్టు లేదు, చెరిసగం వేసుకోండి.

నేను ఇంటర్ సెకండియర్ పిల్లలకి 22 ఏళ్లుగా లెక్కలు చెప్తున్నాను. 2ఎ పుస్తకంలో సంభావ్యత పాఠం మొదలుపెట్టిన వారంలో ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తుంది. ఎక్కువమంది లెక్చరర్లు మొదటి సగం చెప్పి వదిలేస్తారు. నేనూ మొదటి నాలుగైదేళ్లు అంతే చేశాను, రెండో సగం నాకే తెలియదు కాబట్టి.

సరిగ్గా ఆరుసార్లు వేస్తే

46,656 మంది పిల్లల్ని ఒక పెద్ద మైదానంలో నిలబెట్టి తలా ఒక పాచిక ఇచ్చామనుకోండి. అందరూ ఒకసారి వేస్తారు. 1 పడినవాళ్లు నిలబడి ఉండాలి, మిగతావాళ్లు కూర్చోవాలి. ఆరో వంతు మంది, అంటే దాదాపు 7,776 మంది మిగులుతారు. రెండోసారి 2 పడినవాళ్లే నిలబడాలి. 1,296 మంది. తర్వాత 216, తర్వాత 36, ఆపైన 6, చివరికి ఒక్కరు. ఆ ఒక్కరికి 1-2-3-4-5-6 పడింది.

ఇప్పుడు అదే ఆట "ప్రతిసారీ 6 పడినవాళ్లే నిలబడాలి" అన్న రూలుతో ఆడించండి. ప్రతి మెట్టులోనూ ఆరో వంతే మిగులుతారు. మళ్లీ 7,776, 1,296, 216, 36, 6, 1. రూలులో ఏ అంకె రాశామన్నది లెక్కలోకే రాలేదు చూడండి. 3-5-2-4-1-6 అని రాసినా అంతే. ఆరు ఆరులను ఒకదానితో ఒకటి గుణిస్తే 46,656. కాబట్టి ఏ నిర్దిష్టమైన వరుసకైనా, దాని పొడవు ఎంతో అన్నిసార్లు 1/6ని గుణించాలి. మూడు అంకెల వరుసైతే 1/216, రెండైతే 1/36.

ఇలా గుణించడానికి ఒక హక్కు కావాలి. పాఠ్యపుస్తకంలో దాన్ని "స్వతంత్ర ఘటనలు" అంటారు. పాచిక ఒక ప్లాస్టిక్ ముక్క, ఇందాక ఏం పడిందో దాని ఒంటి మీద ఎక్కడా రాసి ఉండదు. లూడోలో రెండు ఆరులు పడ్డాక "అమ్మో, మూడోది కూడా పడితే మొత్తం పోతాయి, కానీ 216లో ఒక్క ఛాన్సేలే" అని ధైర్యంగా వేసేవాళ్లని చాలామందిని చూశాను. 216లో ఒకటి అన్నది మొదటి పాచిక వేయకముందు మాట. రెండు ఆరులు పడి ఎదురుగా కనిపిస్తున్నాక మూడోది ఆరు అయ్యే అవకాశం మామూలు 1/6. ఆ టెన్షన్ న్యాయమైనదే.

మరి ఆరు ఆరులు ఎందుకు అసాధ్యంగా అనిపిస్తాయి? బండికి 9999 నంబరు కోసం లక్షలు పెట్టి వేలం పాడేవాళ్లున్నారు, 4738 కోసం ఎవరూ పాడరు. నంబర్ల జాబితాలో రెండూ ఒక్కోసారే ఉన్నాయి. మన కంటికి 9999 ఒక్కటే నంబరు, 4738 మాత్రం "ఏదో ఒక మామూలు నంబరు" అనే పెద్ద గుంపులో మనిషి. ఆరు ఆరులను ఆ గుంపు మొత్తంతో పోల్చి కష్టం అంటున్నాం. ఆ గుంపులోంచి ఒక్కదాన్ని ముందే పేరు పెట్టి పిలిచి, అదే పడాలని పట్టుబట్టండి, అదీ అంతే మొండికేస్తుంది.

పరీక్ష రాసేవాళ్లకి ఇక్కడ ఒక జాగ్రత్త. "1 నుంచి 6 వరకు అంకెలన్నీ పడాలి" అంటే వేరు, "ఆ వరుసలో పడాలి" అంటే వేరు. ఏ వరుసలోనైనా ఫర్వాలేదంటే 720 రకాలుగా పడొచ్చు, కాబట్టి 720/46,656, అంటే దాదాపు 65లో ఒకటి. అలాగే "మూడు ఆరులు" 1/216 అయితే, "మూడూ ఒకే అంకె, ఏదైనా సరే" 1/36. ఎంట్రన్స్ పేపర్లలో పిల్లలు మార్కులు పోగొట్టుకునేది గుణకారం రాక కాదు, ప్రశ్నలో ఆ ఒక్క మాట చూడక.

పడేదాకా వేస్తే ఏం మారుతుంది

ఆరు అంకెలతో చేస్తే చేయి నొప్పి పుడుతుంది, రెండంకెలతో చూద్దాం. ఒకరు 5-6 కోసం ఆడుతున్నారు, ఇంకొకరు 6-6 కోసం.

5-6 ఆడేవాడికి 5 పడింది, ఇప్పుడు 6 కావాలి. 6 రాకుండా మళ్లీ 5 వచ్చింది. నష్టమేమీ లేదు, చేతిలో ఇంకా ఒక 5 ఉంది, ఉన్నచోటే ఉన్నాడు. 6-6 ఆడేవాడి సంగతి చూడండి. ఒక 6 పడింది, ఇంకో 6 కావాలి. 6 కాకుండా ఏది వచ్చినా సరే, తిన్నగా మొదటికి. వైకుంఠపాళిలో పెద్ద పాము నోట్లో పడ్డట్టు. ఇద్దరి మధ్య తేడా అంతా ఈ చిన్న విషయంలోనే ఉంది: తప్పు పడినప్పుడు ఎంత వెనక్కి వెళ్తాం అన్నది.

దీన్ని లెక్కలో పెడదాం. మొదటి నుంచి సగటున వేయాల్సిన సార్లను "స" అందాం. మొదటి అంకె పడ్డాక ఇంకా వేయాల్సిన సగటును "మి" అందాం. మొదటి అంకె పడటానికి సగటున 6 సార్లు పడుతుంది కాబట్టి ఇద్దరికీ స = 6 + మి.

6-6 ఆడేవాడికి ఒక 6 పడ్డాక: ఒకసారి వేయాలి, ఆరింట ఐదుసార్లు మొదటికి. అంటే మి = 1 + (5/6)స. రెండూ కలిపితే స = 7 + (5/6)స. స = 42.

5-6 ఆడేవాడికి 5 పడ్డాక: ఒకసారి వేయాలి, ఆరింట ఒకసారి ఆట అయిపోతుంది, ఒకసారి ఉన్నచోటే, నాలుగుసార్లు మొదటికి. మి = 1 + (1/6)మి + (4/6)స. సర్దితే మి = 1.2 + 0.8స, అప్పుడు స = 7.2 + 0.8స. స = 36.

36కీ 42కీ తేడా ఆరు. ఈ రెండు సమీకరణాలు నేను మొదటిసారి బోర్డు మీద వేసినరోజు వెనక బెంచీలోంచి ఒకబ్బాయి "సర్, ఇందాక రెండూ 1/36 అన్నారుగా" అన్నాడు. అన్నాను. జవాబు చెప్పలేక బెల్ కొట్టేదాకా ఏదో మాట్లాడాను. వాడి ప్రశ్నకి జవాబు కింద వస్తుంది, ముందు ఈ లెక్కకి ఇంకా అందమైన దారి ఒకటి ఉంది, అది చెప్పనివ్వండి.

రూపాయి పట్టుకొచ్చే మనుషులు

ఒక జూదశాల ఉందనుకోండి. అక్కడ అన్యాయం లేదు: ఒక అంకె మీద రూపాయి పెడితే, అది పడితే ఆరు రూపాయలు చేతికొస్తాయి, పడకపోతే రూపాయి పోతుంది. దీర్ఘకాలంలో యజమానికి లాభమూ లేదు, నష్టమూ లేదు.

పాచిక వేసే ప్రతిసారీ ముందు ఒక కొత్త మనిషి రూపాయి పట్టుకుని లోపలికొస్తాడు. అందరూ ఒకే పట్టుదల మనుషులు. వచ్చినవాడు రూపాయి 6 మీద పెడతాడు. గెలిస్తే ఆరు రూపాయలూ మళ్లీ 6 మీదే. గెలిస్తే 36, అదంతా మళ్లీ 6 మీదే. ఓడితే ఇంటికి. వరుసగా మూడు ఆరులు పడగానే దుకాణం మూసేస్తారు.

మూసే క్షణంలో లోపల ఎవరి దగ్గర ఎంత ఉంది? ఆ మూడు ఆరుల్లో మొదటిదాని ముందు వచ్చినవాడి దగ్గర 216. రెండోదాని ముందు వచ్చినవాడు రెండు ఆరులు చూశాడు, అతని దగ్గర 36. చివర వచ్చినవాడి దగ్గర 6. మొత్తం 258. మిగతావాళ్లంతా రూపాయి పోగొట్టుకుని వెళ్లిపోయారు. యజమానికి సగటున లాభనష్టాల్లేవు అన్నాం కదా. అంటే ఇచ్చిన 258 రూపాయలు ఎంతోమంది దగ్గర తీసుకున్న ఒక్కో రూపాయితో సమానం కావాలి. వచ్చినవాళ్లు సగటున 258 మంది. ఒక్కో మనిషికి ఒక్కోసారి పాచిక వేశారు కాబట్టి మూడు ఆరుల కోసం సగటున 258 సార్లు.

అదే 1-2-3 మీద పందెం అయితే మూసే క్షణంలో 216 ఉన్నవాడు ఒక్కడే మిగులుతాడు. తర్వాత వచ్చినవాడు 1 మీద పెట్టాడు, పడింది 2. పోయాడు. ఆఖరివాడిదీ అంతే. సగటు 216. మరి 6-1-6? మొదటివాడి దగ్గర 216, మధ్యవాడు పోయాడు, ఆఖరివాడు 6 మీద పెట్టాడు కాబట్టి అతని దగ్గర 6. సగటు 222.

మీ ప్రశ్నకి వస్తే, 1-2-3-4-5-6కి ఒక్కడే మిగులుతాడు, అతని దగ్గర 46,656. ఆరు ఆరులకి ఆరుగురూ మిగులుతారు: 46,656 + 7,776 + 1,296 + 216 + 36 + 6 = 55,986. మైదానంలో కూర్చుంటూ పోయిన పిల్లల అంకెలే మళ్లీ వచ్చాయి. బోర్డు మీద ఇది కూడినప్పుడు నాకు ఇప్పటికీ సరదాగానే ఉంటుంది.

గుర్తుపెట్టుకోవాల్సిన కిటుకు ఇదే: వరుస చివరి ముక్క, అదే వరుస మొదటి ముక్కతో ఎక్కడెక్కడ సరిపోతుందో చూడండి. సరిపోయిన ప్రతి పొడవుకీ ఆరుని అన్నిసార్లు గుణించి కలపండి. మొత్తం వరుస తనతో తాను ఎలాగూ సరిపోతుంది, అది తప్పనిసరిగా కలుస్తుంది. నాణేనికైతే ఆరు బదులు రెండు.

మరి రెండూ 1/36 ఎలా అవుతాయి?

వెనక బెంచీ అబ్బాయి ప్రశ్న. దీనికి జవాబు బస్టాండులో నిలబడ్డవాళ్లందరికీ తెలుసు. ఒక రూట్లో రోజుకి పాతిక బస్సులు. అవి సమానంగా విడివిడిగా వస్తే ఎక్కువసేపు నిలబడక్కర్లేదు. కానీ గంటసేపు ఒక్కటీ రాక, వచ్చినప్పుడు రెండు మూడు ఒకదాని వెనక ఒకటి వస్తే? రోజుకి బస్సులు అవే పాతిక, ఎదురుచూపు మాత్రం పెరిగిపోయింది.

ఆరులు అలా గుంపుగా వచ్చే బస్సులు. నాలుగు ఆరులు వరుసగా పడితే అందులో "6-6-6" రెండుసార్లు ఉన్నట్టు లెక్క. 1-2-3కి ఆ సౌకర్యం లేదు, ఒకదాని మీద ఒకటి ఎక్కి రాలేదు. పాచికను 100 సార్లు వేస్తే రెండు వరుసలూ సగటున 98/216, అంటే 0.45 సార్లు కనిపిస్తాయి. సమానమే. అయితే 100 సార్లలో 1-2-3 కనీసం ఒక్కసారైనా కనిపించే అవకాశం సుమారు 37 శాతం, 6-6-6 కనిపించే అవకాశం సుమారు 32 శాతం. ఆరులు కనిపించినప్పుడు ఎక్కువసార్లు కనిపించి, ఆ లోటు పూడుస్తాయి.

ఇద్దరి మధ్య పోటీ పెడితే తేడా ఇంకా బాగా బయటపడుతుంది. ఒకే పాచిక, ఒకే ఆట. మీది 5-6, నాది 6-6, ఏది ముందు పడితే వాళ్లు గెలిచినట్టు. మీరు 12కి 7 ఆటలు గెలుస్తారు, నేను 5. కారణం సులువే: నా మొదటి 6కి ముందు 5 పడి ఉంటే మీరు అప్పటికే గెలిచేశారు. ఇలాంటి పోటీని నాణెంతో 1969లో వాల్టర్ పెన్నీ ఒక సమస్యగా ఇచ్చాడు, అందుకే దీన్ని పెన్నీ ఆట అంటారు. నాణెంతో మూడు బొమ్మలు కోరుకున్నవాడిని, బొరుసు-బొమ్మ-బొమ్మ కోరుకున్నవాడు 8కి 7సార్లు ఓడిస్తాడు. మొదటి మూడూ బొమ్మలే పడితే తప్ప మొదటివాడికి దారి లేదు.

క్లాసులో నేను చేయించే పని, నేను చేసిన తప్పు

ప్రతి ఏడాదీ ఒక హోంవర్కు ఇస్తాను. సగంమంది నిజంగా పాచిక 100 సార్లు వేసి అంకెలు రాసుకు రావాలి, మిగతా సగం పాచిక ముట్టకుండా ఊహించి 100 అంకెలు రాసుకు రావాలి. ఎవరు ఏది చేశారో నాకు చెప్పకూడదు. నేను కాగితాలు చూసి చెప్తాను.

నా పద్ధతి చాలా చిన్నది. ఏదైనా ఒక అంకె వరుసగా మూడుసార్లు ఉందా అని వెతుకుతాను. నిజంగా 100 సార్లు వేస్తే అలాంటిది కనీసం ఒకటి ఉండే అవకాశం 91 శాతం దాకా ఉంటుంది. ఊహించి రాసేవాళ్లు 4-4 రాశాక మూడో 4 రాయడానికి చేయి ఆడదు, "ఇది సహజంగా లేదు" అనిపిస్తుంది వాళ్లకి. చూపు తిప్పినంతలో కాగితాలు రెండు కట్టలుగా వేసేస్తాను, పిల్లలు నోరెళ్లబెడతారు.

ఒక ఏడాది ఒక అమ్మాయి కాగితం ఊహించిన కట్టలో వేశాను. వరుస మూడు ఎక్కడా లేదు. ఆ అమ్మాయి లేచి "నేను నిజంగానే వేశాను సర్" అంది. నేను నవ్వేసి, ఊహించి రాసిందేనని ఇంకోసారి గట్టిగా అన్నాను. మర్నాడు వాళ్ల తమ్ముడు ఆమె చెప్పే అంకెలు రాసిన చిత్తు నోట్‌బుక్ తెచ్చి టేబుల్ మీద పెట్టింది. పెన్సిల్‌తో, పదేసి అంకెలకి ఒక గీత, పక్కన టీ మరక. 91 శాతం అంటే మిగతా 9 శాతం మనుషులు కూడా ఎక్కడో ఉంటారు, అందులో ఒకరు నా మూడో బెంచీలో కూర్చున్నారు. క్లాసు ముందే సారీ చెప్పాను. అప్పటినుంచి కట్టలు వేసేముందు "పదిమందిలో ఒకరి విషయంలో నేను తప్పు కావచ్చు" అని బోర్డు మీద రాసి మొదలుపెడుతున్నాను.

లూడో యాప్ మోసం చేస్తోందా అని అడిగేవాళ్లకి కూడా ఇదే లెక్క. ఒక ఆటలో నలుగురికీ తలా 60 వంతులు వచ్చాయనుకుందాం, మొత్తం 240. ఒక్కో వంతులో మూడు ఆరులు పడే అవకాశం 1/216. ఆట మొత్తంలో ఎవరికో ఒకరికి కనీసం ఒక్కసారి పడే అవకాశం 67 శాతం. అంటే మూడు ఆటలు ఆడితే రెండింటిలో ఎవరో ఒకరు "ఇది మోసం" అని అరవాలి. యాప్ నిజాయితీగా ఉందని నేను హామీ ఇవ్వడంలేదు. దాన్ని పట్టుకోవాలంటే ఒక రోజు కోపం చాలదు, వేల అంకెలు రాసుకోవాలని మాత్రమే అంటున్నాను.

పాచిక నిజంగా సమానమేనా?

పైన రాసిందంతా ఆరు ముఖాలకీ సమాన అవకాశం ఉందన్న నమ్మకం మీద నిలబడింది. 1894లో వెల్డన్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త 12 పాచికలు కలిపి 26,306 సార్లు వేసిన లెక్కలు ఉన్నాయి. 5 గానీ 6 గానీ పడటం 0.3333 ఉండాల్సింది, 0.3377 వచ్చింది. చుక్కల కోసం గుంటలు తవ్విన పాచికల్లో 6 ఉన్న వైపు ఎక్కువ పదార్థం పోయి తేలికవుతుంది, ఎదురుగా ఉన్న 1 వైపు బరువుగా ఉంటుంది అన్నది దీనికి మామూలుగా చెప్పే కారణం. ఇంత చిన్న తేడాని ఎవరు పట్టించుకుంటారు అనిపిస్తుంది. ఆ 0.3377లో సగం 6ది అనుకుని ఆరుసార్లు గుణించి చూడండి, ఆరు ఆరులు పడే అవకాశం 8 శాతం పెరుగుతుంది. వరుస పొడవయ్యేకొద్దీ చిన్న వంకర పెద్దదవుతుంది.

అష్టాచెమ్మా ఆడేవాళ్లకి ఇది చిన్నప్పటినుంచే తెలుసు. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. గవ్వ వెల్లకిలా, బోర్లా సమానంగా పడితే రెండూ 16లో ఒకటి కావాలి. కానీ గవ్వకి ఒకవైపు నున్నటి వీపు, ఒకవైపు పళ్లున్న నోరు, అది సమానంగా పడాలని ఎక్కడుంది? మా అమ్మమ్మ తన గవ్వలు ఎవరికీ ఇచ్చేది కాదు, వాటి గుణం ఆవిడకి తెలుసు. అక్కడ 1/2 అని రాసుకోకుండా, ముందు ఒక్క గవ్వనే రెండు మూడు వందలసార్లు వేసి ఆ భిన్నం కనుక్కోవాలి. తర్వాత గుణకారం మామూలే.

పాచికలకీ లెక్కలకీ చుట్టరికం మన కథల్లోనూ ఉంది. నలోపాఖ్యానంలో ఋతుపర్ణుడు రథం మీద వెళ్తూ తాండ్రచెట్టుకి ఎన్ని ఆకులో ఎన్ని కాయలో చెప్పేస్తాడు, నలుడు దిగి లెక్కపెడితే సరిపోతుంది, ఆ పైన నలుడికి అక్షహృదయం, అంటే పాచికల రహస్యం తెలిపే విద్య, దొరుకుతుంది. ఆ చెట్టు కాయలనే పాతకాలంలో జూదానికి పాచికలుగా వాడేవారు. కథకుడు ఆ చెట్టునే ఎందుకు ఎంచుకున్నాడో ఆలోచిస్తే బాగుంటుంది, కానీ అది మన ప్రశ్న కాదు.

ఎన్నిసార్లు వేస్తే గ్యారంటీ?

మీరు చివర్లో "46,656 సార్లు వేస్తే పడి తీరుతుందా" అని అడిగారు. పడి తీరదు. గ్యారంటీ అనేది ఎన్నిసార్లు వేసినా రాదు. 1-2-3-4-5-6 కోసం 46,656 సార్లు వేసినా కనిపించే అవకాశం సుమారు 63 శాతమే. సగం-సగం అవకాశం కావాలంటే దాదాపు 32,340 సార్లు. ఆగకుండా ఐదు సెకన్లకి ఒకసారి వేసినా దాదాపు 45 గంటలు పడుతుంది, అప్పటికి మీకు ఉన్నది బొమ్మా బొరుసా అన్నంత నమ్మకం మాత్రమే.

ఇక్కడ తడబడటం కొత్తేమీ కాదు. 1654లో గణితవేత్తలు పాస్కల్, ఫెర్మా ఉత్తరాలు రాసుకున్న రోజుల్లో, షెవాలియే ద మెరే అనే ఫ్రెంచి పెద్దమనిషి పేరుతో ప్రసిద్ధమైన చిక్కు ఇలాంటిదే. ఒక పాచిక నాలుగుసార్లు వేస్తే కనీసం ఒక 6 పడే అవకాశం 51.8 శాతం, పందెం లాభమే. రెండు పాచికలకి జంట ఆరులు ఆరు రెట్లు అరుదు కదా, నాలుగుకి ఆరు రెట్లు 24సార్లు వేస్తే లాభం ఉండాలి కదా? లేదు, 49.1 శాతమే. 25సార్లు వేస్తేనే సగం దాటి 50.5కి వస్తుంది. ఇలాంటివాటికి దారి ఒక్కటే: పడకుండా ఉండే అవకాశాన్ని గుణించుకుంటూ వెళ్లి, చివర్లో ఒకటిలోంచి తీసేయడం.

మీరే చేసి చూడాలనుకుంటే ఆరంకెల వరుసతో మొదలుపెట్టొద్దు, సంక్రాంతి సెలవులు చాలవు. 5-6, 6-6లతో చూడండి. కానీ సగటులు పోల్చే పద్ధతిలో యాభైసార్లు చేసి "36, 42 రాలేదు, సర్ తప్పు చెప్పారు" అనకండి. ఒక్కోసారి రెండో ప్రయత్నంలోనే పడుతుంది, ఒక్కోసారి వంద దాటుతుంది. ఆ ఊగిసలాటలో ఆరు తేడా స్పష్టంగా కనబడాలంటే ఒక్కోటి వెయ్యిసార్లు చేయాలి, అది కంప్యూటర్ పని. చేత్తో చేయాలంటే పోటీ పద్ధతే మేలు. 5-6కీ 6-6కీ పోటీ పెడితే ఒక్కో ఆట సగటున 21సార్లలో తేలిపోతుంది.

బిర్యానీ డబ్బులు తిరిగి రాబట్టుకోవాలంటే మీ రూమ్మేట్‌తో మళ్లీ పందెం కాయొద్దు, ఆయన ఈపాటికి ఇదంతా చదివి ఉంటాడు. గదిలో మూడో మనిషి ఉంటే అతనికి 6-6 ఇచ్చి మీరు 5-6 తీసుకోండి. ఒక్క ఆట మీద కాయకండి, 12కి 5సార్లు అతనే గెలుస్తాడు. కనీసం పాతిక ఆటలు ఆడదామని ముందే ఒప్పించండి.